ఓడ రాని పండగ

నా స్నేహితురాలు కల్లిరోయీ, నేనూ సగం జీవితం ద్వీపాల్లోనే గడిపాం. ఒక్క ద్వీపాన్నీ సరిగ్గా చూడలేదు. ఏటా వసంతంలో పిరేయస్ రేవులో ఓడెక్కడం, ఏదో ఒక పెద్ద హోటల్లో పనికి దిగడం, చలి మొదలవగానే తిరిగి రావడం. నాది నేల కింద ఉండే బట్టలుతికే గది. దానిది వంటశాల వెనకాల రొట్టెలు కాల్చే గది. ఆ రోజు సముద్రం ఎలా ఉందో నాకు తువ్వాళ్ళకు అంటుకొచ్చిన ఇసుకను బట్టి తెలిసేది. దానికి అదీ తెలిసేది కాదు.

"ఎప్పుడైనా మనం కూడా అతిథుల్లా వెళ్ళాలే" అనేది కల్లిరోయి. "ఎండాకాలం ఎలాగూ కుదరదు, చలికాలంలోనే వెళ్దాం. ఎవరో మన పక్క వేస్తారు. ఎవరో వండి పెడతారు. మనం కాలు మీద కాలేసుకు కూర్చుని, కాఫీ చల్లారిపోయిందని విసుక్కుందాం."

అనడమే తప్ప ఏనాడూ కదల్లేదు. ఆ ఏడు ఫిబ్రవరిలో మాత్రం ఒక ఉదయం మా తమ్ముడి ఇంటికొచ్చి, "బట్టలు సర్దు" అంది.

చలికాలమంతా నేను పిరేయస్‌లో మా తమ్ముడు పంతెలిస్ ఇంట్లో ఉండేదాన్ని. భోజనాల గదిలో మడతమంచం నాది. తమ్ముడు మంచివాడు, మరదలు ఇంకా మంచిది. ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండటానికి వాళ్ళు పడే అవస్థ మాత్రం నాకు తెలుస్తూనే ఉండేది. అందుకే ఎక్కడికని కూడా అడగకుండా సంచీ సర్దేశాను.

టికెట్ల కిటికీ దగ్గర కల్లిరోయి, "ఎవరూ వెళ్ళని చోటికివ్వు నాయనా" అంది.

"ఈ రోజుల్లో ఎవరూ ఎక్కడికీ వెళ్ళరమ్మా" అన్నాడు లోపలివాడు.

"అయితే అన్నిట్లోకీ చిన్నదానికివ్వు."

అలా ద్రిమోస్‌లో దిగాం. మాతోపాటు దిగినవి గ్యాసు సిలిండర్లు, రొట్టెల పెట్టెలు, కాళ్ళు కట్టేసిన మేక ఒకటి. రేవులో దుకాణాలన్నీ మూసేసి ఉన్నాయి. హోటళ్ళ ముందు కుర్చీలను ఒకదాని మీద ఒకటి పేర్చి తాడుతో కట్టేశారు. 'గదులు అద్దెకు' అన్న బోర్డు ఒకటి గాలికి కొట్టుకుంటోంది. దాని వెనకున్న ఇంటికి తాళం.

రొట్టెల పెట్టెలు తన ట్రక్కులోకి ఎత్తుకుంటున్న లావుపాటి మనిషి మమ్మల్ని చూసి ఆగాడు. పైన ఊళ్ళో కొట్టూ, కాఫీ హోటలూ అతనివే. పేరు జన్నిస్.

"ఎవరింటికమ్మా?"

"ఎవరింటికీ కాదు. సెలవులకొచ్చాం" అంది కల్లిరోయి.

అతను మమ్మల్నీ, మబ్బునీ మార్చి మార్చి చూశాడు. "ఫిబ్రవరిలోనా? ఇంట్లో గొడవపడి వచ్చారా ఏంటి?"

రొట్టెల పెట్టెల మధ్య కూర్చోబెట్టి కొండ మీది ఊళ్ళోకి తీసుకెళ్ళాడు. ఒక సందు మొదట్లో బండి ఆపి, "అదిగో, ఆ నీలం తలుపు. జంబేతా మామ్మ. ఆవిడ దగ్గర గది ఖాళీగా ఉంది. నేను పంపానని మాత్రం చెప్పకండి" అన్నాడు.

కల్లిరోయికి ఏ మాట చెప్పొద్దంటే ముందు ఆ మాటే నోటికొస్తుంది. తలుపు తీసిన ముసలావిడతో, "జన్నిస్ పంపాడు మామ్మా" అనేసింది.

ఆవిడ సన్నగా, నిటారుగా, నల్లబట్టల్లో ఉంది. మోకాళ్ళు బాగా లేనట్టున్నాయి, తలుపు పట్టుకునే నిలబడింది. "వాడు పంపింది ఏదీ నేను తీసుకోను. రొట్టయినా, మనుషులైనా."

"అయితే వాడు కాదు మామ్మా, ఓడ పంపిందనుకోండి."

"ఓడ పంపింది అసలే తీసుకోను."

అంతలో చినుకు మొదలైంది. ఆవిడ ఆకాశం వంక చూసి, మా సంచీల వంక చూసి, పక్కకు జరిగింది. "లోపలికి రండి. తలుపు తీసి ఉంటే ఇల్లు చల్లబడుతుంది."

మా సెలవులు అలా మొదలయ్యాయి. మర్నాడు పొద్దున కల్లిరోయి మంచం మీదే కూర్చుని, ఎన్నాళ్ళగానో దాచుకున్న మాట బయటికి తీసింది. "మామ్మా, కాఫీ చల్లారిపోయింది."

"పొయ్యి అక్కడుంది" అంది జంబేతా మామ్మ.

మధ్యాహ్నానికల్లా మేమిద్దరం ఆవిడ పప్పులో రాళ్ళు ఏరుతున్నాం. సాయంత్రానికి కోళ్ళగూడు బాగు చేశాం. కానీ చెప్పొద్దూ, నాకు అంత హాయి ఎన్నడూ లేదు. వాన వెలిశాక నడి చలికాలంలో మాకు అప్పుడప్పుడూ దొరికే వెచ్చని ఎండ కాసింది. బాదం చెట్లు ఆకుల్లేకుండానే పూసేశాయి. మేం సముద్రపొడ్డుకు దిగి వెళ్ళాం. ఆ పొడుగునా మనిషన్నవాడు లేడు. కల్లిరోయి మూసేసిన ఒక హోటలు ముందు కట్టిన తాడు విప్పి, రెండు కుర్చీలు తీసి, అల దాకా లాక్కెళ్ళి వేసింది. కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకుని, చెయ్యెత్తి చిటికేసింది.

"ఎవరక్కడ? పీత కాళ్ళున్నాయా?"

నేను భుజాన తువ్వాలేసుకుని వంగి నిలబడ్డాను. "ఉన్నాయండీ. పీతకే ఉన్నాయండీ."

"నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయి. సముద్రం మార్చి తీసుకురా."

ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వి నవ్వి నేను కుర్చీతో సహా నీళ్ళల్లో పడ్డాను. యాభై దాటిన ఆడవాళ్ళం, గౌన్లు మోకాళ్ళ దాకా తడిసి, కొండెక్కి ఇంటికొచ్చాం. జంబేతా మామ్మ మమ్మల్ని చూసి, "పిచ్చివాళ్ళని పంపాడా వాడు" అంది. కానీ పొయ్యి దగ్గర మా బూట్లు ఆరబెట్టింది ఆవిడే.

మర్నాడు పొగ గురువారం. ఈస్టర్ దాకా మాంసం ముట్టని పెద్ద ఉపవాసం వచ్చేలోగా తనివితీరా మాంసం కాల్చుకు తినే రోజు. ప్రతి పెరట్లోంచీ పొగ లేచింది. జంబేతా మామ్మ పెరట్లోనూ పంది మాంసం కాల్చాం. అక్కడే చూసింది కల్లిరోయి. పెరటి మూల రాతితో కట్టిన పాత రొట్టెల బట్టీ. నోటికి అడ్డంగా పూలకుండీలు, లోపల కోడి పెట్టిన గుడ్లు.

నేను చూసేసరికి దాని తల, భుజాలు బట్టీ లోపలున్నాయి. "ఏమే స్తమాతా, ఇటు చూడవే. ఒక్క పగులు లేదు. ఎవడు కట్టాడో గానీ చేతులు కళ్ళకద్దుకోవాలి."

"తల బయటికి తియ్యి పిల్లా" అంది జంబేతా మామ్మ. "అందులో పెట్టేది తల కాదు."

"దీన్ని చల్లగా ఉంచడం పాపం మామ్మా."

"పాపం నాది కాదు."

రెండో గ్లాసు వైను తర్వాత ఆవిడే చెప్పింది. ఆవిడా, భర్త మార్కోసూ ఊరందరికీ రొట్టెలు కాల్చేవారు. వాళ్ళ పెళ్ళయిన ఏడు మార్కోస్ కట్టాడు ఆ బట్టీని. ఆ తర్వాతెప్పుడో పక్క ద్వీపం నుంచి జన్నిస్ ఓడలో రొట్టెలు తెప్పించడం మొదలుపెట్టాడు. తెల్లవి, మెత్తనివి, ముక్కలు కోసి కవర్లో పెట్టినవి. మొదట ఒక ఇల్లు మానేసింది, తర్వాత ఒక వీధి. "మార్కోస్ మాత్రం మానలేదు. 'ఇవాళ కాకపోతే రేపు వస్తారులే' అని బట్టీ వెలిగించేవాడు. చివరి వారం కాల్చినవన్నీ మేకలకి పెట్టాం. మేకలు బాగానే తిన్నాయి." ఆవిడ ఎముకలు తీసి కుక్కకు వేసింది. "ఓడ రొట్టె బావుందన్నారుగా. తిననీ."

కల్లిరోయి లేచి పూలకుండీలను మళ్ళీ బట్టీ నోటికి అడ్డంగా పెట్టేసింది.

శుక్రవారం తెల్లవారేసరికి ఉత్తరపు గాలి పట్టుకుంది. ఇంటి మీద ఎవరో రాళ్ళబస్తాలు ఈడుస్తున్నట్టు మోత. ఓడలు బందని రేడియోలో చెప్పారు. ఆదివారం వెళ్ళిపోదామనుకున్నవాళ్ళం, జన్నిస్ కాఫీ హోటల్లో ఉన్న ఫోన్ దగ్గరకెళ్ళి తమ్ముడికి చెప్పాను.

"గాలి తగ్గాకే రా అక్కా, తొందరేం లేదు" అన్నాడు వాడు. వెనకనుంచి ఏదో ఈడ్చిన చప్పుడు వినిపించింది. "ఏం లేదు. పిల్లాడు చదువుకోవడానికి నీ మంచం జరిపి బల్ల వేసుకున్నాడు. నువ్వొచ్చేసరికి తీసేస్తాడులే."

"ఉండనీరా" అన్నాను.

గాలి తగ్గలేదు. వారం మధ్యలో ఒకసారి ఓడ వచ్చింది కూడా. ఊరంతా కొండ అంచున నిలబడి చూస్తుండగా రేవు ముందు అటూ ఇటూ తిరిగి, ఆనలేక, ఒక కూత కూసి వెళ్ళిపోయింది. ఆ రాత్రే కరెంటు తీగలు తెగాయి. ఇళ్ళల్లో కరెంటు పొయ్యిలు ఆగిపోయాయి. జన్నిస్ కొట్లో రొట్టె అయిపోయింది. ఆకలితో ఎవరూ లేరు. డబ్బాల్లో ఎండు రొట్టెలున్నాయి, జున్నుంది, గుడ్లున్నాయి. బాధల్లా శుద్ధ సోమవారం గురించే. ఉపవాసం మొదలయ్యే ఆ రోజు మా దేశంలో అందరూ లగానా తింటారు. నువ్వులు చల్లిన పలచటి వెడల్పు రొట్టె. ఏడాదిలో ఆ ఒక్కరోజే చేస్తారు. లగానా లేని శుద్ధ సోమవారం అంటే పెళ్ళికొడుకు లేని పెళ్ళే.

కాఫీ హోటల్లో పేకాడేవాళ్ళు జన్నిస్‌ని వదల్లేదు. "ఏం జన్నిస్, నీ లగానా ఈదుకుంటూ వస్తోందా?"

"దార్లో ఉంది. చేపలు తినగా మిగిలితే వస్తుంది" అన్నాడు ఇంకొకడు.

జన్నిస్ గ్లాసులు తుడుస్తూ ఉండిపోయాడు. మేం కూర్చున్న బల్ల దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "ఊరు నన్ను సముద్రంలో పడేస్తుందక్కా" అన్నాడు.

"పిండి నీ కొట్లో ఉంది. బట్టీ మామ్మ పెరట్లో ఉంది. చేతులు నా దగ్గరున్నాయి" అంది కల్లిరోయి. "ఇహ కావాల్సింది అడిగే నోరు. అది నీది."

"నేనా గడప ఎక్కలేను."

"కాళ్ళు లేవా?"

అతను తువ్వాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "మార్కోస్ పెదనాన్నని పాతిపెట్టిన రోజు పెద్దమ్మ వచ్చినవాళ్ళందరికీ తన చేత్తో రొట్టె పంచింది. నా దాకా వచ్చింది. 'నీకు నీ రొట్టె ఉందిగా' అని పక్కవాడికిచ్చింది. నాలుగేళ్ళయింది. నేను తప్పు చేశానని అప్పుడు అనుకోలేదు. జనం అడిగారు, తెప్పించాను. కానీ ఆ మాట మాత్రం ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది."

ఉపవాసం ముందు వచ్చే వేషాల పండగలో ఆఖరి శనివారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు వేషగాళ్ళు బయల్దేరారు. గాలి మోతలోనే డప్పు, వయొలిన్ వినిపించాయి. అక్కడి ఆచారం నాకూ కొత్త. ముఖాలకు గుడ్డలు కప్పుకుని, గొంతు మార్చుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటివాళ్ళు ఎవరో కనిపెట్టాలి. కనిపెడితే ముసుగు తియ్యాలి. కనిపెట్టలేకపోతే తాగి, తిని, ముసుగుతోనే వెళ్ళిపోవచ్చు.

జంబేతా మామ్మ కుర్చీలో మహారాణిలా కూర్చుంది. లోపలికొచ్చిన ఎలుగుబంటిని చూసి, "కూర్చో మాస్టారూ, మీ దగ్గు చలికాలమంతా వింటున్నా" అంది. బడిపంతులు నవ్వుతూ ముసుగు తీశాడు. ముసలమ్మ వేషంలో ఉన్నవాణ్ణి చూసి, "నీ చేతులకి చేపల వాసన పోలేదు" అంది. డాక్టరు వేషం వేసింది పోస్టుమాస్టరు భార్య. అదీ దొరికిపోయింది.

అందరికంటే వెనక ఒక పెళ్ళికూతురు తలుపులో పట్టక, పక్కకు తిరిగి లోపలికొచ్చింది. తెల్ల దుప్పటి గౌను, తలమీంచి నడుం దాకా కిటికీ తెర. చేతిలో కాగితప్పూలు. గౌను కింద నుంచి లారీ డ్రైవర్లు వేసుకునే బూట్లు. ఆ పొట్ట ఊళ్ళో ఇంకెవరికీ లేదు. బడిపంతులు నోరు తెరవబోయి, భార్య మోచేత్తో పొడిస్తే మూసుకున్నాడు. డప్పు ఆగిపోయింది.

జంబేతా మామ్మ కర్ర సాయంతో లేచింది. పెళ్ళికూతురి చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగింది. బూట్ల దగ్గర కాసేపు ఆగింది.

"పెళ్ళికూతురికి ఏం కావాలట?"

తెర వెనకనుంచి సన్నటి దొంగగొంతు వచ్చింది. "పుట్టింటి నుంచి రొట్టె రాలేదు మామ్మా."

"పుట్టింటికొచ్చి అడిగిందా ఎప్పుడైనా?"

"సిగ్గేసింది."

"ఎన్నాళ్ళబట్టి?"

"నాలుగేళ్ళబట్టి."

"అంత సిగ్గున్న పిల్లకి పెళ్ళెందుకూ" అంది మామ్మ. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ నవ్వలేదు. తెర అంచు చేత్తో పట్టుకుంది. ఎత్తుతుందనుకున్నాం. చెంగు సరిచేసినట్టు దాన్ని కిందికి లాగి, మడతలు సరిగ్గా పడేలా సర్దింది.

"ఈ పిల్లెవరో నాకు తెలీలేదు" అంది అందరికీ వినబడేలా. "కళ్ళు మసకేశాయి. వైను పొయ్యవే స్తమాతా, పెళ్ళికూతురు తాగి వెళ్తుంది."

పెళ్ళికూతురు తెర కిందనుంచి వైను తాగింది. సగం తెర మీదే ఒలికింది. వేషగాళ్ళు వెళ్ళిపోయాక మామ్మ, "తెరంతా మరకలు చేసుకున్నాడు" అని మాత్రం అని పడుకోవడానికి వెళ్ళింది.

పొద్దున మేం లేచేసరికి పెరట్లో పూలకుండీలు నోరు తెరిచిన బట్టీకి అటూ ఇటూ వరసగా ఉన్నాయి. బల్ల మీద తడిగుడ్డ కప్పిన పెద్ద మట్టిగిన్నె. కల్లిరోయి గుడ్డ తీసింది. రొట్టె పొంగడానికి కలిపే పాత పులిసిన పిండి. గిన్నె అంచుదాకా పొంగి, బుడగలు చిట్లుతూ ఉంది. ఒక్క రాత్రిలో అయ్యే పని కాదది. రోజూ ఒక గుప్పెడు పిండి, కాసిన్ని నీళ్ళు పోసి సాకితే తప్ప ఉండదు.

కల్లిరోయి వేలు ముంచి నాకింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాలుగేళ్ళు సాకింది చూశావుటే, బట్టీ ఆర్పేసి కూడా" అంది గుసగుసగా.

మామ్మ గుమ్మంలోకొచ్చింది. "గిన్నె చూస్తూ నిలబడితే బట్టీ వేడెక్కుతుందా? మొదట సన్నమంట పెట్టండి. ఇన్నాళ్ళు చల్లగా ఉన్నది, తొందరపెడితే పగులుతుంది."

ఆ ఆదివారం నాకు బాగా గుర్తుంది. బట్టీ మధ్యాహ్నం దాకా పొగే కక్కింది. తడి ఆరే కొద్దీ రాళ్ళు టక్‌టక్‌మన్నాయి. గూడు పోయిన కోడి గోడెక్కి మమ్మల్ని తిట్టిపోసింది. పొగ చూసి ఊరు ఊరంతా ఏదో పనున్నట్టు ఆ సందులోంచి నడిచింది. జన్నిస్ పిండి బస్తా భుజానేసుకుని వచ్చి గుమ్మం బయట నిలబడిపోయాడు. ఈసారి ముసుగు లేదు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"పెద్దమ్మా" అన్నాడు. బస్తా ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"లోపలికి రా" అంది జంబేతా మామ్మ అతని వంక చూడకుండా. "తలుపు తీసి ఉంటే ఇల్లు చల్లబడుతుంది."

అతను వచ్చాడు. బస్తా దించి, మళ్ళీ వెళ్ళి బట్టీకి ఎండు పొదలు తెచ్చాడు. తర్వాత నువ్వులు తెచ్చాడు. చెయ్యడానికి ఇంకేం లేకపోయినా ఏదో ఒకటి తెస్తూనే ఉన్నాడు. చివరికి మామ్మే, "కూర్చోరా, నా పెరడు నీ గోడౌన్ చేసేలా ఉన్నావు" అంటే కూర్చున్నాడు.

పిండి కలపడం దగ్గర కల్లిరోయికీ మామ్మకీ పెద్ద యుద్ధమే జరిగింది.

"నీళ్ళెక్కువయ్యాయి."

"లగానాకి మెత్తగానే ఉండాలి మామ్మా."

"హోటళ్ళల్లో ఉండాలేమో. ఇక్కడి పిండి వేరు, గాలి వేరు."

"గాలి సంగతి నాకు చెప్తారేంటి, పది రోజులుగా తింటున్నది గాలేగా."

"నోరు తగ్గించి చేతులు ఆడించు."

మామ్మ మోకాళ్ళు వంగవు కాబట్టి కుర్చీలో కూర్చుని కర్రతో చూపించేది. నాకు తడిగుడ్డల పని అప్పజెప్పింది. పొడుగు కర్రకు గుడ్డ కట్టి, తడిపి, బట్టీ లోపలి బూడిదంతా ఊడ్చి తుడవాలి. ఒక్క నలుసు మిగిలినా రొట్టె అడుగున చేదు తగులుతుంది. నేను తుడిచిన తీరు చూసి ఆవిడ, "ఈ పిల్లకి గుడ్డ పట్టుకోవడం వచ్చు" అంది. హోటల్లో ఇన్నేళ్ళ పనిలో అలాంటి మాట వినలేదు నేను.

సోమవారం వెలుగు రాకముందే మొదటి లగానాలు బట్టీలోకి వెళ్ళాయి. కల్లిరోయి చేతివేళ్ళతో గుంటలు నొక్కడం, నువ్వులు చల్లడం, చెక్క తెడ్డు మీద లోపలికి జార్చడం. కాసేపటికి వాసన లేచింది. ఆ వాసన గురించి నేనేం చెప్పినా తక్కువే. సందు చివర ఒక కిటికీ తెరుచుకుంది. తర్వాత ఇంకోటి. తలుపు బయట బూట్ల చప్పుళ్ళు, దగ్గులు, గుసగుసలు. జంబేతా మామ్మ కుర్చీని తలుపు దగ్గరికి జరిపించుకుని కూర్చుంది. మొదటి లగానా తన చేత్తోనే తీసుకుని, వేడికి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ, జన్నిస్‌ని పిలిచింది.

"ఇందా."

అతను రెండు చేతులా అందుకున్నాడు. అక్కడే గోడవైపు తిరిగి నిలబడి తిన్నాడు. వరసలో వాళ్ళు అటు చూడకుండా ఉండటానికి తంటాలు పడ్డారు.

ఆ తర్వాత ఇక పండగే. ఒక్కొక్కరూ రొట్టె అందుకుంటూ, "చల్లగా ఉండు మామ్మా" అనేవారు. "వేడిగా తినండి" అనేది ఆవిడ. కొందరు ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకున్నారు. ఒకావిడ ఏదో సంజాయిషీ చెప్పబోతే, "నువ్వులు రాలిపోతున్నాయి, పట్టుకెళ్ళు" అని పంపేసింది. గాలి అప్పటికి పతంగులెగరేసేంతకు తగ్గింది. ఊరంతా కొండ మీద దుప్పట్లు పరిచింది. ఉపవాసంలో చెల్లేవే అన్నీ: ఆలివ్ పళ్ళు, చేపగుడ్ల ముద్ద, కాల్చిన ఆక్టోపస్, లగానా, వైను. జన్నిస్ జంబేతా మామ్మను గాడిద మీద కూర్చోబెట్టి తీసుకొచ్చాడు. చాలా ఏళ్ళ తర్వాత కొండ మీదికి రావడమట. కల్లిరోయి బడి పిల్లలతో పోటీపడి పతంగి ఎగరేసి, రాయి తట్టుకుని బోర్లాపడి, దారం మాత్రం వదల్లేదు.

"పట్టుకో స్తమాతా, నన్ను కాదే, దారాన్ని" అని అరిచింది.

నేను దారం పట్టుకున్నాను. అది నా చేతిని పైకి లాగింది. నవ్వుతూ దాని వెనకాలే పరిగెత్తాను.

మంగళవారం గాలి పూర్తిగా పడిపోయింది. కరెంటు వచ్చింది. బుధవారం ఓడ వస్తుందన్నారు. ఆ సాయంత్రం నేను కాఫీ హోటల్లో ఉండగా జన్నిస్ పక్క ద్వీపానికి ఫోన్ చేస్తున్నాడు. గ్యాసు చెప్పాడు, చక్కెర చెప్పాడు, సబ్బులు చెప్పాడు.

"రొట్టెలొద్దు" అన్నాడు. అవతల ఏదో అన్నారు. "లేదు, ఈ వారానికి కాదు. అసలొద్దు. మాకున్నాయి." ఫోన్ పెట్టేసి నా వంక చూడకుండా గ్లాసులు తుడవడం మొదలుపెట్టాడు. పేకాటలో ఎవరి ముక్క ఎవరు వెయ్యాలో కాసేపు ఎవరికీ గుర్తురాలేదు.

ఇంటికొచ్చి చెబితే కల్లిరోయి పిండి కలుపుతూ, "విన్నానులే" అంది. అంతకుముందే వాళ్ళు మాట్లాడుకున్నారన్నమాట. "మామ్మ నన్ను ఉండమంది. ఉండమనలేదనుకో. 'గురువారానికి ఎక్కువ పిండి నానబెట్టు' అంది. హోటలుకి ఈ ఏడు రానని చెప్పేస్తాను." పిండి తిరగేసి కొట్టింది. "నిన్ను ఏమీ అడగనే. నీకు తమ్ముడున్నాడు. నాకైతే ఎవరూ లేరు."

"సరే" అన్నాను. రాత్రి సంచీ సర్దుకున్నాను.

బుధవారం ఎండ పళ్ళెంలో పోసినట్టుంది. ఓడకింకా సమయముందని, పిండి గుడ్డలన్నీ ఉతికి పెరట్లో తీగ మీద ఆరేస్తున్నాను. పెరటి గోడ అవతల కొండ జారి, కింద సముద్రం. గుడ్డలు గాలికి లేచి నా ముఖానికి తగిలి పక్కకు వెళ్తున్నాయి. ఒక గుడ్డ తప్పుకున్నప్పుడు ఓడ కనిపించింది. తెల్లగా, చిన్నగా, రేవుకి తిరుగుతోంది. కూత కూసింది. నా సంచీ గుమ్మం దగ్గరే ఉంది. జన్నిస్ ట్రక్కు సందు మొదట్లో నిలబెట్టి హారన్ కొట్టాడు.

నా చేతిలో తడిగుడ్డలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఒకటి దులిపి వేశాను. ఇంకొకటి దులిపి వేశాను. జంబేతా మామ్మ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నా వంక ఒకసారి చూసి, "ఆ మూలది సరిగ్గా పిండలేదు" అంది. తీసి, మళ్ళీ పిండి వేశాను. జన్నిస్ రెండోసారి హారన్ కొట్టలేదు. ఓడ కూత మళ్ళీ వినిపించేసరికి బుట్ట ఖాళీ అయింది.

కల్లిరోయి చేతుల నిండా పిండితో లోపల్నుంచి వచ్చింది. నన్ను చూసింది, గుమ్మంలో సంచీని చూసింది, దూరమవుతున్న ఓడని చూసింది. మామూలుగా అయితే దానికి పది మాటలుంటాయి. ఆ రోజు పిండి చేతులతోనే వచ్చి నన్ను వాటేసుకుంది. నా గౌను పాడైంది.

సాయంత్రం కాఫీ హోటలుకెళ్ళి పిరేయస్‌కి ఫోన్ కలపమన్నాను. నేను నంబరు చెబుతుండగానే పేకాట ఆగిపోయింది. టీవీ గొంతు ఎవరో తగ్గించారు. బడిపంతులు వార్తాపత్రికను తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు.

"అక్కా" అన్నాడు పంతెలిస్. "రేవుకెళ్ళి వచ్చానే ఇప్పుడే. దిగినవాళ్ళలో నువ్వు లేవు. అక్కడికి ఓడ రాలేదా?"

"వచ్చింది" అన్నాను.

వాడు గొంతు సవరించుకున్నాడు.

"అక్కడ బావుందా అక్కా?"

"బావుందిరా."

"అయితే ఈస్టర్‌కి మేమే వస్తాం" అన్నాడు. "మాకు పక్కలు వేస్తావా?"